కవాయ్ దీర్ఘకాలిక అధ్యయనం

హవాయి దీవుల్లో ఒకటైన కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి నడివయసు దాకా గమనించిన పరిశోధన. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ దీని ఫలితాలను పుస్తకాలుగా వెలువరించారు.

పుట్టుకతో వచ్చేదెంత, పెంపకం ఇచ్చేదెంత, బాల్యంలో తగిలిన దెబ్బ జీవితాంతం వెంటాడుతుందా అన్నవి మానవ వికాస అధ్యయనంలో మూల ప్రశ్నలు. చివరి ప్రశ్నకు ఈ దీవి ఇచ్చిన జవాబు అన్నిటికన్నా విలువైనది. పేదరికం, కష్టమైన కాన్పు, ఇంట్లో కలహాలు, తల్లిదండ్రుల తాగుడు, మానసిక వ్యాధి వంటివి ఒకేసారి చుట్టుముట్టిన పిల్లల్లో సుమారు మూడో వంతు మంది సమర్థులుగా, తోటివారిని ఆదరించే మనుషులుగా ఎదిగారు. నలుగురితో ఇట్టే కలిసిపోయే స్వభావం కొంత తోడ్పడింది. అంతకు మించి, అమ్మానాన్నలు చూడలేకపోయినా అమ్మమ్మో నాయనమ్మో పొరుగింటి పెద్దో టీచరో వాళ్లను గట్టిగా పట్టించుకున్నారు. కాన్పు నాటి ఇబ్బందుల ప్రభావం కూడా ఇంటి వాతావరణం బాగున్నచోట ఏళ్లు గడిచేకొద్దీ తగ్గింది.

కౌమారంలో దారి తప్పినవారిలోనూ చాలామంది నలభై ఏళ్లకల్లా కుదుటపడ్డారు. మళ్లీ చదువుకోవడం, సైన్యంలో చేరడం, నిలకడైన వివాహం, మతసంఘాల ఆసరా అందుకు దారి చూపాయి.