26 పీఎస్ఐ: ఒక కాన్ఫిగ్ ప్యాచ్ కథ

అమెరికాలో సెకండ్ హ్యాండ్ బండి కొనబోతే మనవాళ్ళు మొదట అడిగేది ఎన్ని మైళ్ళు తిరిగిందని, ఆ తరవాత ఏ ఇయర్ మోడలని. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ విషయంలో ఈ రెండో ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉంది. 1991 నుంచి 2001 దాకా వచ్చిన మోడళ్ళకి పడిన చెడ్డపేరు ఇంకా పోలేదు. తప్పు బండిదా, టైర్లదా అంటే మాత్రం.. అక్కడే ఉంది అసలు కథ.

ఎక్స్‌ప్లోరర్‌ని రేంజర్ అనే చిన్న ట్రక్కు చాసిస్ ఆధారంగా కట్టారు. 1990లో మార్కెట్లోకి వచ్చింది. ఎత్తు ఎక్కువ, దానికి తగ్గ వెడల్పు లేదు. విడుదలకు ముందు టెస్టుల్లోనే గట్టిగా మలుపు తిప్పితే చక్రాలు లేస్తున్నాయని తేలింది. చక్రాల మధ్య దూరం పెంచడమో, బండిని బాగా కిందికి దించడమో చేస్తే సరిపోయేది. కానీ అప్పటికి డిజైన్ అయిపోయింది, రిలీజ్ డేట్ మీద పడింది (ఎక్కడో విన్నట్టు లేదూ?). దాంతో సస్పెన్షన్‌లో చిన్న సవరణలు చేసి, టైర్లలో గాలి 26 పీఎస్ఐ చాలని రాసేశారు. గాలి తగ్గితే టైరు పట్టు కాస్త తగ్గుతుంది, బండి తిరగబడే బదులు జారుతుంది. మన భాషలో చెప్పాలంటే కోడ్ ముట్టుకోకుండా కాన్ఫిగ్ ఫైల్లో ఒక అంకె మార్చారన్నమాట. కోర్టు కేసుల్లో బయటపడ్డ ఫోర్డ్ కాగితాల వల్ల ఈ సంగతులు లోకానికి తెలిశాయి.

టైర్లు ఫైర్‌స్టోన్ వాళ్ళవి. గాలి తక్కువున్న టైరు ఎక్కువ నలుగుతుంది, నలిగిన కొద్దీ వేడెక్కుతుంది. దానికి తోడు నిండా సామాను, హైవే స్పీడు, టెక్సాస్ ఎండ. పైగా ఆ టైర్లలో, ముఖ్యంగా ఇల్లినాయ్ రాష్ట్రం డికేటర్ ఫ్యాక్టరీలో తయారైన వాటిలో, లోపల ఉండే స్టీలు బెల్టుల దగ్గర అతుకు బలహీనం. వేడికి పై పొర ఊడొచ్చేది. మామూలుగా అయితే బండి పక్కకి ఆపుకోవచ్చు. ఎత్తయిన బండి, డ్రైవరు కంగారులో స్టీరింగ్ తిప్పితే పల్టీలు కొట్టేది.

సమాచారం లేక జరిగిన ఘోరం కాదిది. 1998లో స్టేట్ ఫార్మ్ ఇన్సూరెన్స్ కంపెనీలో ఒక విశ్లేషకుడు ఇలాంటివి 21 కేసులు గమనించి ప్రభుత్వ భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి మెయిల్ పెట్టాడు. కదలిక లేదు. 1999లో గల్ఫ్ దేశాల్లో ఫోర్డ్ ఈ టైర్లు మార్చి ఇచ్చింది, అమెరికాలో మాత్రం ఇవ్వలేదు. 2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్ టీవీ చానల్ ఒకటి బయటపెట్టాకే ఫిర్యాదులు వెల్లువెత్తాయి. మే నెలలో విచారణ మొదలైంది, ఆగస్టు 9న 65 లక్షల టైర్ల రీకాల్ ప్రకటించారు. చివరికి ప్రభుత్వ లెక్కల్లో తేలిన మరణాలు 271.

తరవాత జరిగింది మన బ్రిడ్జ్ కాల్స్‌లో రోజూ వినేదే. మీ టైరు చెడ్డదని ఫోర్డ్, మీ బండే తిరగబడుతుందని ఫైర్‌స్టోన్. హెన్రీ ఫోర్డ్, హార్వే ఫైర్‌స్టోన్ ప్రాణ స్నేహితులు, తరవాత రెండు కుటుంబాలూ వియ్యమందాయి కూడా. అయినా 2001 మేలో దాదాపు వందేళ్ళ బంధం తెగిపోయింది. ఎక్స్‌ప్లోరర్ మీద విచారణ జరపమని ఫైర్‌స్టోన్ అడిగితే, మిగతా ఎస్‌యూవీల కంటే ఇదేమీ ఘోరం కాదని 2002 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ తోసిపుచ్చింది. ఎవరి మాడ్యూల్ వాళ్ళ టెస్టుల్లో పాసే. రెండూ కలిసినచోట మనుషులు పోయారు.

నా మటుకు నాకు ఎక్కువ బాధ్యత ఆ 26దే అనిపిస్తుంది. 2002 మోడల్‌లో ఫోర్డ్ బండిని రెండున్నర అంగుళాలు వెడల్పు చేసింది, వెనక సస్పెన్షన్ పూర్తిగా మార్చింది. అంటే చేయగలిగిన పనే, పన్నెండేళ్ళు ఆలస్యంగా చేశారు. అంకె మార్చినవాళ్ళు దుర్మార్గులని కాదు. ఆ అంకె టైరు మీద మోపే భారం ఎవరు మోయాలో ఎవరూ కూర్చుని లెక్క చూడలేదు, అంతే.

ఈ గొడవ మూలంగానే 2000 నవంబరులో ట్రెడ్ చట్టం వచ్చింది. మీ బండి డాష్‌బోర్డ్ మీద గాలి తగ్గినప్పుడు వెలిగే పసుపు లైటుంది చూశారూ, అమెరికా కార్లలో దాన్ని తప్పనిసరి చేసింది ఈ చట్టం పుణ్యమే. అది వెలిగితే రేపు చూద్దాంలే అనకండి. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఎంతుందో చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొట్టించండి.