సినిమా హాలులో మర్యాద

సినిమా హాలులో ఎలా మెలగాలన్న ప్రసంగం వచ్చినప్పుడల్లా మన విద్యావంతులు ఒకటే మాట అంటారు: "మనవాళ్లకు సినిమా చూడటం చేతకాదు." ఈలలు వేస్తారు, గోల చేస్తారు, పక్కవాడితో కబుర్లాడతారు, ముందు కుర్చీ మీద కాళ్లు పెడతారు. ఈ ఫిర్యాదులో అబద్ధం లేదు. కాని చరిత్ర కూడా లేదు. మర్యాద ఆకాశం నుంచి ఊడిపడదు. దాన్ని ఎవరు, ఎవరి సౌకర్యం కోసం ఏర్పరచారో విచారిస్తేగాని అందులో ఏది నిలుపుకోవాలో, ఏది వదులుకోవాలో తేలదు.

మన దేశంలో మొదటి సినిమా ప్రదర్శన 1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటలులో జరిగింది. టిక్కెట్టు ఒక రూపాయి. ఆ రోజుల్లో కూలివాడు రూపాయి కళ్లజూడాలంటే ఎన్నాళ్లు ఒళ్లు వంచాలో వేరే చెప్పనక్కరలేదు. కొద్ది రోజులకే ప్రదర్శనలు నావెల్టీ థియేటరుకు మారాయి. అక్కడ నాలుగణాల నుంచి రెండు రూపాయల దాకా తరగతులు ఏర్పడ్డాయి, ఘోషా స్త్రీలకు ప్రత్యేకం బాక్సులు వెలిశాయి. అంటే తెర మీద బొమ్మ కదిలిన నెలలోనే తెర ముందు మనుషులను విడదీయటం కూడా మొదలైంది.

మూకీల కాలంలో హాలులో నిశ్శబ్దం ఎవరూ కోరలేదు. 1910 ప్రాంతాల రఘుపతి వెంకయ్య మద్రాసులో డేరా వేసి బొమ్మలు చూపించిన నాడు గాని, 1921లో విజయవాడలో మారుతీ హాలు వచ్చిన నాడు గాని, ప్రేక్షకుల్లో అక్షరం వచ్చినవారు బహు కొద్దిమంది. తెర మీద పడే అక్షరాలను చదువు వచ్చినవాడు పైకి చదివితేనే పక్కవాళ్లకు కథ బోధపడేది. ఆనాడు హాలులో మాట్లాడటం అమర్యాద కాదు, ఉపకారం.

అంతకుముందు మాత్రం మన జనం ఏ కళను నోరు మూసుకుని చూశారు? హరికథలో దాసుగారు గోవింద కొట్టమంటే సభ అంతా కొట్టేది. నాటకంలో పద్యం నచ్చితే "వన్స్ మోర్" అని కేకలు పడేవి, నటుడు చచ్చిపడి ఉన్నా లేచి మళ్లీ పాడవలసి వచ్చేది. తోలుబొమ్మలాట తెల్లవార్లూ సాగితే పిల్లలు అక్కడే నిద్రపోయేవారు. ప్రేక్షకుడికి ప్రదర్శనలో వాటా ఉండేది. ఈనాటి ఈల ఆ "వన్స్ మోర్"కు వారసురాలు. తేడా ఒక్కటే: నటుడు వినేవాడు, తెర వినదు.

1931లో "ఆలం ఆరా", 1932లో "భక్త ప్రహ్లాద" వచ్చాక ఈ సంబంధం మారింది. బొమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది కనుక మనిషి మాట్లాడటం నేరమైంది. ఇది న్యాయమైన మార్పే. పక్కవాడు వినటానికి డబ్బిచ్చి వచ్చాడు. కాని ఈ న్యాయమైన నియమం మీద ధనిక వర్గం తన వర్గాభిమానాన్ని కూడా అంటించింది. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ. దారులు వేరు, టిక్కెట్టు కిటికీలు వేరు. నేల మీది ఈల "అలగా జనం గోల" అయింది. ఆట మొదలైన పావుగంటకు వచ్చి వరస మొత్తాన్ని లేపే బాల్కనీ పెద్దమనిషి మాత్రం పెద్దమనిషిగానే మిగిలాడు.

నేను చిన్నప్పుడు టూరింగు టాకీసులో నేల మీద కూర్చుని చూసినవాణ్ణి. ఇసుక పోగుచేసి గద్దె కట్టుకుని దానిమీద ఎక్కేవాళ్లం. వెనకవాడు అడ్డమని కేకలేసేవాడు, తగవు పడేది, చివరికి వరస మొత్తం ఒకే ఎత్తుకు దిగేది. ఒకటే ప్రొజెక్టరు కనుక రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి, మళ్లీ కట్టిన గద్దెలు బయటపడేవి, మళ్లీ తగవు. ఎవరూ రాసిపెట్టని ఆ నియమం సమానుల మధ్య పుట్టింది: నా ఎత్తు నీకు అడ్డు కాకూడదు. అసలు మర్యాద అంటే ఇదే అని ఇప్పటికీ నా నమ్మకం.

సమానత్వం లేనిచోట మర్యాద ఏమవుతుందో చెప్పటానికి మన నేల మీదే ఉదాహరణ ఉంది. 1991 జూలైలో, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో, సినిమా హాలులో ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలింది. అతడు పట్టభద్రుడు. చీకట్లో కాలు తగలటం ఏ హాలులోనైనా రోజూ జరిగేదే, ఒక "పొరపాటు"తో సరిపోయేదే. అక్కడ సరిపోలేదు. సాంఘిక బహిష్కారం సాగింది. ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది, 2014లో హైకోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. ఆ కాలు చేసిన నేరం తగలటం కాదు. చదువుకుని, కూలికి ఎదురుచూడటం మాని, టిక్కెట్టు కొని అదే వరసలో కూర్చోవటం. కుర్చీల వరస సమానమైంది గాని, అందులో కూర్చున్నవాళ్ల మనసులు సమానం కాలేదు.

అందుకని నేలవాడు చేసినదంతా ప్రజాకళ అని మనం మురిసిపోనక్కరలేదు. చీకటిని అడ్డం పెట్టుకుని స్త్రీలను వేధించిన చేతులు నేల మీదా ఉన్నాయి, బాల్కనీలోనూ ఉన్నాయి. స్త్రీలకు వేరే గది కట్టిన సంఘం, ఆ చేతులను మాత్రం అదుపు చేయలేదు. మర్యాద నేర్పవలసినవాళ్లను వదిలి, మర్యాద కోరినవాళ్లను తడిక వెనక కూర్చోబెట్టింది.

2016 నవంబరు 30న సుప్రీం కోర్టు సినిమాకు ముందు జాతీయగీతం వేయాలని, అందరూ నిలబడాలని ఆజ్ఞాపించింది. లేవనివారి మీద కొన్నిచోట్ల తోటి ప్రేక్షకులే దౌర్జన్యం చేశారు. 2018 జనవరి 9న గీతం వేయటం తప్పనిసరి కాదని కోర్టే సవరించుకుంది. ఆజ్ఞతో వచ్చేది విధేయత, మర్యాద కాదు.

ఇప్పటి మల్టీప్లెక్సులో నేల లేదు. అది సమానత్వం వచ్చి కాదు. వెనక్కి కూర్చోబెట్టవలసిన మనిషిని టిక్కెట్టు ధరే గుమ్మం బయట నిలబెడుతున్నది. లోపల సంస్కారవంతులు సెల్‌ఫోను వెలుగుతో పక్కవాడి చీకటిని చెడగొడుతున్నారు.

కనుక విద్యార్థులకు మనం చెప్పవలసింది ఇది: మాట్లాడకు, అడ్డం కూర్చోకు, వెలుగు వేయకు, ఒంటరిగా వచ్చిన స్త్రీని ప్రశాంతంగా చూడనివ్వు. హాలు పరువు కోసం కాదు, పక్కవాడు నీతో సమానుడు కనుక. కాలు తగిలితే "పొరపాటు" అను. తగిలించుకున్నవాడివైతే ఆ మాటతో తృప్తిపడు.