తొమ్మిదోవాడు

1980ల్లో మా ఆఫీసుకు ఓ కంప్యూటరు వచ్చింది. ఓ సాయంత్రం నేను జీతాల పట్టీ కొడుతూంటే, తెర మీద 'పారిటీ తప్పు' అని పడి యంత్రం బిగుసుకుపోయింది. మూడు గంటల కష్టం గంగపాలు!

మర్నాడు రిపేరు కుర్రాడొచ్చి మూత విప్పాడు. లోపల నల్లటి చిప్పులు, వరసకి తొమ్మిది చొప్పున నాలుగు వరసలు.

"ఏమోయ్, అక్షరానికి ఎనిమిది బిట్లేగా! తొమ్మిదెందుకు?"

"ఎనిమిది మంది మోస్తారండీ. తొమ్మిదోవాడు కాపలా. నిన్న మిమ్మల్ని ఆపింది వాడే!"

ఈ ఏర్పాటు 1981లో ఐబీఎం తెచ్చిన తొలి పీసీలోనూ ఉంది. అందులో చిప్పుకి 16,384 గదులు. గదికి ఒక్క బిట్టే. కనుక ఏ అక్షరమూ ఒక్క చిప్పులో కాపురం ఉండదు. ఇంగ్లీషు 'ఎ' అంటే 65, అంటే 01000001. ఎనిమిది చిప్పులూ తలో అంకె పుచ్చుకుని, అందరూ ఒకే నంబరు గదిలో దాచుకుంటారు.

మరి ఆ గది నంబరు చెప్పాలంటే పద్నాలుగు తీగలు కావాలి. తీగకో కాలు పెడితే చిప్పు జెర్రి అయిపోదూ? అంతకుముందు 4,096 బిట్ల చిప్పుకే 22 కాళ్లుండేవి. 1973లో మోస్టెక్ కంపెనీ ఇంజనీరు రాబర్ట్ ప్రోబ్‌స్టింగ్ చిట్కాతో అవి 16కి దిగాయి. చిరునామా రెండు విడతల్లో చెప్పడమే ఆ చిట్కా: ముందు అడ్డువరస, తర్వాత నిలువువరస. 16,384 గదులంటే 128 వీధులు, వీధికి 128 ఇళ్లు. ఏడు తీగలే రెండుసార్లు పనిచేస్తాయి. నాలుగు వరసల్లో ఏ వరసన్నది చిరునామాలోని పైఅంకెలు తేలుస్తాయి. పేట, వీధి, ఇంటి నంబరు... మన పోస్ట్‌మాన్ పద్ధతే!

ఇక తొమ్మిదోవాడి పని, మొత్తం ఒకట్లు బేసిసంఖ్యలో ఉండేట్టు చూడటం. 'ఎ'లో రెండే ఉన్నాయి గనక తనో ఒకటి వేసుకుంటాడు. తిరిగి చదివేటప్పుడు లెక్క సరి వచ్చిందా, కొట్టు మూసేయమంటాడు. తప్పు ఎవడిదో చెప్పలేడు, దిద్దనూ లేడు. ఇద్దరు ఒకేసారి తప్పితే కనిపెట్టనూ లేడు. అయినా నయమే. 00000001లో మొదటి సున్నా ఒకటైతే, 1 కాస్తా 129 అవుతుంది. జీతాల పట్టీలో అలా పడితే నా గతేమిటి?

ఆ సాయంత్రం తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

1990ల్లో, ఖర్చు తగ్గుతుందని చాలా పీసీల్లోంచి తొమ్మిదోవాణ్ణి తీసేశారు. యంత్రాలు అలా ఆగడం మానేశాయి. తప్పులు కూడా మానేశాయనుకోకండి. చెప్పేవాడు లేడు, అంతే.