కాగితం మీద పరుగెత్తిన ఓడలు

1890ల తొలినాళ్లలో బ్రిటిష్ నౌకాదళానికి నిద్ర పట్టనివ్వనివి ఫ్రెంచివాళ్ల టార్పెడో పడవలు. చీకట్లో చాటుగా వచ్చి టార్పెడో వదిలితే చాలు, ఎంత పెద్ద యుద్ధనౌకైనా మునగాల్సిందే. ఆ పడవల్ని వెంటాడి పట్టే ఓడ కావాలని 1892లో రియర్ అడ్మిరల్ జాన్ ఫిషర్ పట్టుబట్టాడు. లండన్‌లో పడవలు కట్టే ఆల్‌ఫ్రెడ్ యారో ముందుకొచ్చాడు. 1893లో ‘హావక్’ నీళ్లలోకి దిగింది. పొడవు 180 అడుగులు, వెడల్పు సుమారు 18. టార్పెడో బోట్ డిస్ట్రాయర్లలో మొదటిది ఇదే.

హావక్ వేగం గంటకు 48 కిలోమీటర్లు దాటింది. ఇక ఆగేదెక్కడ? కొన్నేళ్లకే ఒప్పందాల్లో 55 అడిగారు. ప్రశాంతమైన నీళ్లు, ఏరి తెచ్చిన బొగ్గు, కొలిమి దగ్గర కంపెనీవారి చెయ్యి తిరిగిన మనుషులు, ఓడలో తక్కువ బరువు: ఇవన్నీ కుదిరిన పరీక్షలో అంకె వచ్చేది. నడిసముద్రంలో ఆ అంకె జాడే ఉండేది కాదు. తాబేలు వీపులా గుండ్రంగా ఉన్న ముందుభాగం అలల మీదికి లేవకుండా వాటిలోకే దూరేది. లోపలున్న నావికుల పక్కలు తడిసి ముద్దయ్యేవి. ఆ అవస్థకు ప్రభుత్వం విడిగా భత్యమిచ్చేది. అంటే సంగతి పైవాళ్లకు తెలియక కాదు!

బరువు తగ్గించడానికి ఉక్కు రేకుల్ని కొద్ది మిల్లీమీటర్ల మందానికి దించారు. 1897లో ఇంజనీరు పార్సన్స్ ఆవిరి టర్బైన్‌తో నడిపిన ‘టర్బీనియా’ ఓడ రాణిగారి వజ్రోత్సవ నౌకా ప్రదర్శనలో అందరి కళ్లెదుటా దూసుకుపోయాక, టర్బైన్లతో ‘వైపర్’, ‘కోబ్రా’ వచ్చాయి. 1901 ఆగస్టులో వైపర్ పొగమంచులో రాళ్లకు తగిలి పోయింది. ప్రాణనష్టం లేదు. సెప్టెంబరు 18న, ఇంకా ఫిరంగులైనా బిగించని కోబ్రా, టైన్ నది నుంచి పోర్ట్స్‌మత్‌కు వెళుతూ ఉత్తర సముద్రంలో రెండు ముక్కలైంది. 79 మందిలో బతికింది 12 మంది. చనిపోయినవారిలో పార్సన్స్ కంపెనీ మనుషులూ ఉన్నారు.

విచారణ జరిపిన సైనిక న్యాయస్థానం టర్బైన్‌ను తప్పుపట్టలేదు. ఓడ ఒళ్లే బలహీనమని, దాన్ని నౌకాదళం కొనకుండా ఉండాల్సిందని తేల్చింది. 1903 నుంచి వచ్చిన ‘రివర్’ తరగతి డిస్ట్రాయర్లకు ముందుభాగం ఎత్తుచేశారు. వేగం 47 కిలోమీటర్లకు తగ్గింది. అయితే ఈసారి పరీక్షకు ఓడను సరుకూ బరువూ నింపుకునే తీసుకెళ్లాలన్నారు.