నడిదారి ఊరు: సూర్యాపేట రహదారి ప్రమాదముల పూర్వకథ

హైదరాబాదునుండి విజయవాడకు పోవు సుమారు 270 కిలోమీటర్ల రాజమార్గమున ఇంచుమించు సగము దూరము గడచిన చోట సూర్యాపేట యున్నది. పూర్వము భానుపురి యని పేరొందిన యీ పట్టణమునకు ఖమ్మమునుండి యొక దారి, జనగామనుండి యొక దారి వచ్చి కలియుచున్నవి కాని, రైలుబాట మాత్రము నేటివరకును రాలేదు. మిల్లునకు పోవు ధాన్యము, కొలుముల యొద్దకు పోవు ఇనుము, కళాశాలకు పోవు బాలుడు, పెద్దాసుపత్రికి పోవు రోగి, అత్తవారింటికి పోవు ఆడపడుచు, అందఱును ఆ రోడ్డెక్కవలసినవారే. ఊరు పెరిగినది రోడ్డువలన. ఊరివారు అంగవికలులై, అనాథలై మిగిలినదియు పెక్కు సందర్భముల ఆ రోడ్డువలననే. అట్టి యూరిలో బండ్ల ప్రమాదముల చరిత్ర వ్రాయబూనినవాడు ఊరి చరిత్రయే వ్రాయవలసి వచ్చును. ఆ చరిత్రను తరచి చూచినకొలది నాకు తోచినదేమనగా, నూటయేబది యేండ్లుగా మనము ప్రతి ప్రమాదమునకును ఒక మనుష్యుని పట్టి బోనులో నిలిపితిమే కాని, దారిని పిలిచి ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు.

దారి చాల పాతది. సూర్యాపేటకు కొంతదూరమున నున్న ఫణిగిరికొండపై క్రీస్తుశకారంభమునాటి బౌద్ధస్తూపమును, విహారములును బయల్పడినవి. దక్కనునుండి తూర్పుతీరమునకు దిగు వర్తకుల బిడారులు సాగిన దారులే ఆ భిక్షువులను పోషించినవని చరిత్రకారులు చెప్పుదురు. పట్టణమునకు చేరువనే యున్న పిల్లలమఱ్ఱిలో కాకతీయుల సామంతులైన రేచెర్ల రెడ్లు కట్టించిన గుళ్లు నేటికిని నిలిచియున్నవి. గోల్కొండ కుతుబుషాహీల కాలమున మచిలీపట్టణమే రాజ్యమునకు సముద్రద్వారమగుటచే అద్దకపుబట్టలును, వజ్రములును, పారసీకదేశమునుండి దిగిన గుఱ్ఱములును ఈ ప్రాంతపు దారులనే నడిచినవి. 17వ శతాబ్దమున గోల్కొండ మచిలీపట్టణముల నడుమ ప్రయాణించిన టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు, ఈ దారి చక్రపుబండికి లాయకైనది కాదనియు, తన చిన్నబండిని పలుచోట్ల ఊడదీసి మోయింపవలసి వచ్చెననియు వ్రాసికొనెను. సరకు మోసినది ఎద్దువీపే. తీరమునుండి ఉప్పు పెరికెలతో లంబాడీల ఎద్దులమందలు వందలకొలది కదలి వచ్చుచుండెడివి. గంటకు రెండుమైళ్లు నడచు ఎద్దు ఎవరికి తగిలినను ప్రాణము తీయుట అరుదు. ఆనాటి బాటసారికి భయములు లేకపోలేదు. దొంగలు, వరదలో నున్న మూసీ, దారిలో తగులు విషజ్వరము అతనికి భయకారణములు. అందు వేగమను భయము మాత్రము లేదు.

ఆ భయమును తెచ్చినది మోటారు. నైజాము రాష్ట్రములో 1932వ సంవత్సరమున రైల్వేశాఖ అధీనమున రోడ్డు రవాణాశాఖ యేర్పడి, 27 బస్సులతోను, 166 మంది సిబ్బందితోను పని ప్రారంభించెను. ఆనాటి ఆల్బియను బస్సొకటి భాగ్యనగరమున నేటికిని భద్రపఱుపబడి యున్నది. దాని చెక్కబెంచీలను చూచిన, ఆనాటి ప్రయాణికుల నడుములు ఎంత గట్టివో తెలియును. ప్రభుత్వ బస్సుల నంబరుపలకపై 'జెడ్' అను నక్షరము నిజాముప్రభువు తన తల్లియైన జహ్రాబేగము పేర చేర్పించెనని జనులు చెప్పుకొందురు. 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ అవతరించిన తరువాతను ఆ యక్షరము పోలేదు.

ఈ మార్గమున ఆ కాలమున నొక విచిత్రముండెను. సూర్యాపేట నిజాముది. అచటినుండి తూర్పునకు సాగిన కొలదిదూరమునకే మునగాల పరగణా. అది నాలుగుదిక్కుల నిజాము గ్రామములు చుట్టుకొనియున్నను మద్రాసు రాజధానిలోని కృష్ణాజిల్లాకు చెందిన జమీందారీ. మునగాల దాటిన మఱల కోదాడలో నిజాము. కోదాడ దాటి జగ్గయ్యపేట చేరిన మఱల ఇంగ్లీషువారు. ఒక్క పగటి ప్రయాణములో డ్రైవరు ఇన్నిమార్లు ప్రభుత్వమును మార్చుచుండెను. సుంకము వసూలుచేయు కరోడ్‌గిరీ నాకాలయొద్ద మూటలు విప్పించి చూచువారే కాని, బండి బ్రేకులను చూచువారుండిరని ఎవరును చెప్పగా వినలేదు. 1948 సెప్టెంబరులో భారతసైన్యము విజయవాడ వైపునుండి ఈ దారినే వచ్చినప్పుడు, వెనుదిరిగిన నిజాము సేన మూసీ వంతెనను కూల్చెను. సైన్యము దానిని త్వరలోనే బాగుచేసికొని ముందుకు సాగెను. రాజ్యములు మాఱినను రోడ్డు సన్ననిదిగనే, ఊరి నడుమనుండియే మిగిలెను.

మోటారు వచ్చిన తరువాతను చాలకాలము ఎడ్లబండియే దారికి దొరయై యుండెను. రాత్రివేళ ఇరుసుక్రింద లాంతరు కట్టుకొని పోవలెనని శాసనము. కిరసనాయిలు అయిపోయిన లాంతరుతో, నిద్రించుచున్న బండివానితో, దారి తామెఱిగిన ఎడ్లు సడకు నడుమ నడచుచుండగా వెనుకనుండి లారీ వచ్చుట ఆ తరమువారందఱును ఎఱిగిన ప్రమాదము. రెండవ ప్రపంచయుద్ధమున పెట్రోలు కొఱవడి బస్సులను బొగ్గు వాయువుతో నడపిన దినములలో ఈ భయము కొంత తగ్గియుండును. ఎక్కుడు వచ్చినచోట దిగి త్రోయవలసిన బస్సునకు ఎవడు భయపడును?

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడుదలయ్యెను. ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతముల మెట్టభూములు మాగాణులైనవి. సూర్యాపేట సమీపమున మూసీ ప్రాజెక్టు అంతకుముందే నీరిచ్చుచుండెను. నీటివెంట వరి వచ్చెను. వరివెంట మిల్లులు వచ్చెను. హుజూర్‌నగరు దిక్కున సున్నపురాతి నేలపై సిమెంటు కర్మాగారములు లేచెను. వీని సరకంతయు లారీలమీదనే కదలవలసి వచ్చెను. ఎడ్లబండి పోయి దాని స్థానమున ట్రాక్టరు వచ్చెను. అది పొలమునకు యంత్రము, రోడ్డునకు బండి. వెనుక దీపములేని ట్రాలీతో రాత్రివేళ రోడ్డెక్కినప్పుడు, లాంతరు లేని పాతబండికిని దానికిని భేదము లేదు. వేగము మాత్రము వెనుకనుండి వచ్చువానిది పదింతలైనది.

ఊరు సగము దారిలో నుండుటచే దానికొక వ్యాపారము సహజముగా నబ్బినది. హైదరాబాదునుండి బయలుదేఱిన బస్సు, విజయవాడనుండి బయలుదేఱిన బస్సు, రెండును ఇచటనే ఆగును. కండక్టరు "పదిహేను నిమిషాలు" అని కేకవేయును. నిద్రమత్తు వదలని ప్రయాణికుడు చెప్పులు వెదకికొని దిగి, తానున్న చోటు ఏ దిక్కో తెలియక, ఆగియున్న బస్సు ముక్కుదాపునుండి ఆవలిప్రక్క టీకొట్టువైపు నడచును. ఆ బస్సును తప్పించుకొని పోవు లారీవానికి ఇతడు కనబడడు. ఇతనికి లారీ కనబడదు. ఇరువురిలో ఎవరి నేరమని విచారించిన ఎవరిదియు కాదు. బస్సు ఆగుచోటును, టీకొట్టును రోడ్డునకు చెఱియొక ప్రక్క నుంచిన యేర్పాటుది. పంక్చర్లు వేయు కొట్లు, కమాను పట్టీలు బాగుచేయువారు, పండ్లబండ్లు, పూటకూళ్లు, ఇవి యన్నియు దారినంటియే వెలసినవి. దారి ఊరికి అంగడియైనది. ఇంజనీర్ల పటములో మాత్రము అది రెండు నగరములను కలుపు గీతగనే మిగిలెను.

చట్టము ఈ విషయమును ఎట్లు చూచినదో చూడుడు. 1860నాటి ఇండియన్ పీనలుకోడులో 279వ సెక్షను బహిరంగమార్గమున దుడుకుగా, అజాగ్రత్తగా బండి తోలుటను నేరముగా పేర్కొనెను. అట్టి యజాగ్రత్తవలన మరణము సంభవించిన శిక్షించు 304-ఎ సెక్షనును 1870లో చేర్చిరి. అప్పటికి మోటారుకారు పుట్టలేదు. శాసనకర్తల కనులముందు నున్నది గుఱ్ఱములను అదలించు సారథి. 1939లో మోటారువాహనముల చట్టము వచ్చెను. 1956 సవరణతో బాధితుల పరిహారము తేల్చుటకు ట్రిబ్యునళ్లు ఏర్పడెను. 1988లో క్రొత్త చట్టమును చేసిరి. అయినను ఠాణాలో వ్రాయు ఎఫ్.ఐ.ఆర్. మాత్రము 1870నాటి భాషనే పట్టుకొని వ్రేలాడినది: "అతివేగముగా, అజాగ్రత్తగా నడిపి" అను పదములు పడినగాని కేసు నిలువదు. కావున అవి ప్రతి కాగితమునందును పడును. మలుపు కనబడకుండెనా, దీపము లేకుండెనా, దాటుటకు చోటు లేకుండెనా అను ప్రశ్నలకు ఆ కాగితముపై స్థలము లేదు. 2024 జూలై 1న భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చి సెక్షనుల సంఖ్యలు 281, 106 అని మాఱినవి. సారథి మాత్రము బోనులోనే యున్నాడు.

2012 నాటికి ఈ మార్గము నాలుగు వరుసలదయ్యెను. 9వ నంబరు జాతీయరహదారిగా నున్నది 65 అయ్యెను. పంతంగి, కొర్లపహాడు, చిల్లకల్లు అను మూడుచోట్ల టోలుగేట్లు లేచెను. నడుమ డివైడరు వచ్చుటచే ఎదురుబడి ఢీకొనుట తగ్గవలెను. అది నిజముగా మేలే. కాని ఆ డివైడరు ఊళ్లను రెండుగా చీల్చినది. ఇల్లు ఈవల, పొలము ఆవల నున్న రైతు యూటర్ను కొఱకు దూరము పోయి మఱల అంతదూరము వెనుకకు రావలెను. డీజిలు అతనిది, కాలము అతనిది; కనుక అతడు అంచుపట్టుకొని ఎదురుగా వచ్చును. పోలీసుభాషలో ఇది రాంగురూటు. రైతుభాషలో ఇది పొలముదారి. 2014 డిసెంబరు 6న మునగాల సమీపమున ఆకుపాములయొద్ద సినీనిర్మాత నందమూరి జానకిరామ్ ప్రయాణించుచున్న వాహనము అట్లు ఎదురువచ్చిన ట్రాక్టరునకు తగిలి ఆయన మరణించెను. 2018 ఆగస్టు 29న ఆయన తండ్రియు నటుడునైన హరికృష్ణ ఉమ్మడి నల్లగొండజిల్లా సీమలోనే, నార్కట్‌పల్లి - అద్దంకి దారిలో అన్నెపర్తియొద్ద ప్రమాదమున గతించెను. ఈ రెండు మరణములును పత్రికలలో వచ్చినవి. ఆ ట్రాక్టరు ఆ ప్రక్కన ఏల వచ్చెనను విచారణ సాగినట్లు నేనెఱుగను.

వరికోతల కాలమున ఇంకొక వింత. కల్లములు చాలక, మార్కెటులో తేమ యెక్కువని తిరస్కరింతురను భయముతో, రైతులు వడ్లను తారురోడ్డు అంచున ఎండబోయుదురు. నల్లని తారు ఎండను పట్టునట్లు నేల పట్టదు. కుప్పచుట్టును బండ్లు ఎక్కకుండ రాళ్లు పేర్తురు. సాయంకాలము వడ్లు ఎత్తుకొని పోవుదురు, లేదా పట్టా కప్పి అచటనే నుంతురు. ఏదైనను రాళ్లు మిగులును. రాత్రి మోటారుసైకిలుపై వచ్చు యువకుని చక్రమునకు తగులునది ఆ రాయి. దీనికి జరిమానా వేసిన రైతు చెల్లించును, మరునాడు మఱల ఎండబోయును. గ్రామమునకొక మంచి కల్లము కట్టించుట రోడ్డుశాఖ పని కాదు. ఆ శాఖవారి తప్పును కాదు.

రోడ్డును జనులకొఱకు ఆపుట అసాధ్యమని యెవరైన అనిన, వారికి దురాజ్‌పల్లి జాతర చెప్పవచ్చును. సూర్యాపేటకు చేరువనే రహదారి ప్రక్కన నున్న పెద్దగట్టుపై లింగమంతులస్వామికి, చౌడమ్మకు రెండేండ్ల కొకమాఱు మాఘమాసపు దరిదాపుల అయిదుదినముల జాతర జరుగును. యాదవులు గంపలు తలలకెత్తుకొని, భేరీలు మ్రోగించుచు, "ఓ లింగా" యని నినదించుచు లక్షలుగా వత్తురు. ఆ దినములలో హైదరాబాదు విజయవాడల నడుమ బండ్లను నార్కట్‌పల్లి, నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగరుల మీదుగా కోదాడకు మళ్లింతురు. రాష్ట్రములు నిలిచిపోవు, సరకు చేరకపోదు. దేవుని కొఱకు చేయగల్గిన పని, దినము బడికి దాటు పిల్లల కొఱకు ఏల చేయలేమని అడుగబుద్ధియగును. అయితే దినమును మళ్లింపులు పెట్టుట కుదరదు కనుక, వంతెనయో, భూగర్భమార్గమో కట్టవలసి యుండును.

మేలు జరుగలేదని చెప్పజాలను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమై రాష్ట్రమంతట వ్యాపించిన 108 అంబులెన్సు, దారిప్రక్క రక్తమోడుచు పడియున్నవానికి ఆసుపత్రి చేరు ఆశను కల్పించెను. అంతకుముందు వానిని ఎత్తుకొనిపోవువాడు సాక్షిగా ఠాణా చుట్టు తిరుగవలసివచ్చునని జంకెడివాడు. 2016 మార్చిలో సుప్రీముకోర్టు సహాయకులకు రక్షణ నిచ్చు నియమములకు బలము నిచ్చెను. అయినను లెక్కలు తగ్గలేదు. 2022లో దేశమున రోడ్డుపై మరణించినవారు 1,68,491 మంది. వారిలో మోటారుసైకిళ్లు, స్కూటర్లపై పోయినవారు 74,897, నడచిపోవువారు 32,825. తెలంగాణములో ఆ యేడు 7,559 మంది. అతివేగమే నూటికి డెబ్బదిపాళ్ల మరణములకు కారణమని ఆ లెక్కలు చెప్పును. వేగము చంపుననుట నిజమే. కాని ఆ సంఖ్య పుట్టినది ఇందాక చెప్పిన ఎఫ్.ఐ.ఆర్. కాగితమునుండి గదా, అచట వ్రాయుటకు వేఱు కారణము లేదు.

మోటారువాహనముల చట్టమునకు చేసిన 2019 సవరణలో మాత్రము చిన్నమార్పు వచ్చెను. 198-ఎ అను సెక్షను ప్రకారము, రోడ్డు రూపకల్పనలోను, నిర్మాణములోను, నిర్వహణలోను ప్రమాణములు పాటింపక మరణమునకో వైకల్యమునకో కారణమైన అధికారసంస్థకు, కంట్రాక్టరునకు లక్ష రూపాయలవఱకు జరిమానా వేయవచ్చును. లక్ష చాల చిన్న మొత్తము. అయినను దారి మొదటిమాఱు బోనునకు సమీపించెను. ఇటీవల ఈ మార్గమున తఱచు ప్రమాదములు జరుగు బ్లాక్‌స్పాట్లను గుర్తించి, జనగామ క్రాస్‌రోడ్డు, దురాజ్‌పల్లి, ముకుందాపురము, ఆకుపాముల మున్నగుచోట్ల పనులు చేపట్టిరి. ఈ పేర్లు స్థానికులకు క్రొత్తవి కావు. చెట్టుకట్టపై కూర్చున్న ముసలివారిని అడిగినను ఈ జాబితా పూర్వమే వచ్చియుండెడిది. ఇపుడు మార్గమును ఆరు వరుసలకు పెంచవలెనను యోచన సాగుచున్నది. ఆ పటమును గీయువారు ముందుగా ట్రాక్టరు ఎచట దాటునో, బస్సు ఎచట ఆగునో, వడ్లు ఎచట ఎండునో గుర్తించి పిదప గీత గీసినచో, పెద్దగట్టు క్రింది రైతునకు యూటర్నుదాక పోలేక ఎదురుదారి పట్టు పని తప్పును.