బడి పిల్లలు, ఏఐ: మన ఇళ్లలో చూసుకోవలసినది

సీబీఎస్ఈ బడుల్లో కృత్రిమ మేధ 2019-20లోనే తొమ్మిదో తరగతికి ఐచ్ఛిక పాఠంగా వచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, ఆ పాఠం లేని బడి పిల్లల చేతికీ ఏఐ అందింది. దాని నిబంధనల ప్రకారం 13 ఏళ్లు నిండాలి, 18 లోపువారికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది. తెలుగు మాట్లాడతారు గానీ చాలామందికి చదవడం రాదు. యంత్రం రాసిచ్చిన తెలుగులో తప్పులుంటే పట్టుకోలేరు. హోసూరు వైపు ఇళ్లలో వినబడే ‘వస్తా ఉండాను’ను అది ‘వస్తున్నాను’ అని దిద్దితే, అవ్వ మాటే తప్పనుకుంటారు. అది తప్పు కాదు, మన యాస.

అందుకే పిల్లలను ముందు సొంతంగా రాయమంటున్నాం, తమిళ లిపిలోనో కన్నడ లిపిలోనో అయినా సరే. తరువాతే యంత్రాన్ని అడగాలి. అది ఇచ్చినదాన్ని ఫోన్‌తోనే పైకి చదివించి పెద్దలకు వినిపించాలి. ఆధార్ నంబరు, కుల ధ్రువపత్రం మాత్రం అందులో పెట్టనివ్వకండి.