మట్టి తట్టలు మోసిన చేతులు

1763 డిసెంబరు. మిసిసిపీ నది పడమటి ఒడ్డున, ఎముకలు కొరికే చలిలో ఇద్దరు నేల చూసుకుంటూ నడుస్తున్నారు. ఒకరు పియెర్ లక్లేడ్, ఫ్రాన్స్‌లోని కొండసీమలో పుట్టి న్యూ ఆర్లీన్స్ చేరిన వర్తకుడు. రెండోవాడు అగస్ట్ షూటో, పదిహేనేళ్ళు నిండని కుర్రాడు. భర్త విడిచిపోయాక లక్లేడ్‌తో జీవితం పంచుకున్న మరీ తెరేజ్ కొడుకు.

లక్లేడ్‌కు తొందర ఉంది. మిస్సోరీ నదీతీరపు తెగలతో తోళ్ళ వ్యాపారం చేసుకునే గుత్తహక్కు అతని కంపెనీకి దక్కింది. ఆగస్టులో న్యూ ఆర్లీన్స్‌లో బయలుదేరిన సరుకుల పడవలు ఎదురీదుతూ వచ్చి నవంబరు మొదట్లో సెంట్ జెనెవీవ్ ఊరు చేరాయి. అక్కడ ఆ సరుకంతా పెట్టుకునే చోటే లేదు. తూర్పు ఒడ్డున షార్త్ర్ కోటలో దించుకోవలసి వచ్చింది. కానీ ఏడేళ్ళ యుద్ధంలో ఓడిన ఫ్రాన్స్, పారిస్ ఒప్పందంతో ఆ ఒడ్డును ఇంగ్లండుకు వదిలేసింది. కోట నేడో రేపో చేతులు మారుతుంది. పడమటి ఒడ్డున సొంత స్థావరం కావాలి.

మిస్సోరీ నది వచ్చి మిసిసిపీలో కలిసే చోటికి దిగువన ఆ స్థలం దొరికింది. సున్నపురాతి గట్టు, వరద అందని ఎత్తు, చుట్టూ కలప. లక్లేడ్ చెట్లకు గొడ్డలి గాట్లు పెట్టించాడు. అమెరికాలోని గొప్ప నగరాల్లో ఇదొకటి కాగలదని అతను పొంగిపోయాడని షూటో తర్వాత రాసుకున్నాడు.

1764 ఫిబ్రవరి మధ్యలో, నదిలో మంచు విడిపోగానే, సుమారు 30 మంది పనివాళ్ళతో పడవ వచ్చింది. వాళ్ళ పెద్ద ఆ కుర్రాడే. ముందు పనిముట్లు దాచుకునే కొట్టం, తర్వాత గుడిసెలు లేచాయి. ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ పేరింటి పుణ్యపురుషుడి పేరుతో ఊరికి సెయింట్ లూయిస్ అని పేరు పెట్టారు. ఆ నేలను ఫ్రాన్స్ 1762లోనే రహస్య ఒప్పందంతో స్పెయిన్‌కు ఇచ్చేసిందని వాళ్ళకు అప్పటికి తెలియదు.

ఆ ఏడాదే ఒకరోజు ఊరు ఉలిక్కిపడింది. మిస్సోరీ తెగ మొత్తం, 150 మంది యోధులు, ఆడవాళ్ళు, పిల్లలు వచ్చి పక్కనే దిగారు. కొత్తగా వచ్చిన కుటుంబాలు కొన్ని భయపడి నది దాటి వెనక్కి వెళ్ళిపోయాయి. షూటో కబురు పంపితే లక్లేడ్ వచ్చాడు.

తెగ పెద్దలు నెమ్మదిగా తమ మనసు విప్పారు. బాతులు ప్రశాంతమైన నీళ్ళు వెతుక్కున్నట్టు తామూ బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చామనీ, ఇంతకంటే మంచి చోటు కనిపించలేదనీ, ఇక్కడే ఊరు కట్టుకుంటామనీ అన్నారు. లక్లేడ్ మర్నాడు జవాబిచ్చాడు. బాహాటంగా నీళ్ళ మీద వాలే బాతులే డేగకు చిక్కుతాయనీ, మీ శత్రువులు తూర్పు ఒడ్డున పోగయ్యారనీ, మీరిక్కడ ఉన్నారని తెలిస్తే ఆడవాళ్ళనూ పిల్లలనూ కూడా బతకనివ్వరనీ హెచ్చరించాడు. పెద్దలు ఆలోచించుకుని, వెళ్ళిపోవడానికి ఒప్పుకున్నారు. దారికి మొక్కజొన్నలు, మందుగుండు, బట్టలు అడిగారు. లక్లేడ్ ఇచ్చాడు.

వాళ్ళున్నది ఇంచుమించు పదిహేను రోజులు. ఆ రోజుల్లో షూటో, లక్లేడ్ ఇంటి నేలమాళిగ తవ్వే పని మిస్సోరీ ఆడవాళ్ళకూ పిల్లలకూ అప్పగించాడు. చెక్క పళ్ళేలలో, గంపల్లో మట్టి నింపి, నెత్తిన పెట్టుకుని మోశారు. కూలి డబ్బు కాదు. ఒంటికి పూసుకునే ఎర్రరంగు, తోళ్ళు కుట్టే ఆరెలు. ఆ గొయ్యిలో ఎక్కువ భాగం తవ్వింది వాళ్ళేనని షూటో స్వయంగా రాశాడు. పని చేసిన చేతులే ఆ ఊళ్ళో ఉండనక్కర్లేదనిపించుకున్నాయి.

ఊరు పెరిగింది. ఒసేజ్ తెగ వేటగాళ్ళు తెచ్చిన జింక, ఎలుగుబంటి, బీవర్ తోళ్ళు పడవల్లో న్యూ ఆర్లీన్స్ చేరేవి. నాణేలు కరువైన ఆ ఊళ్ళో జింకతోలే డబ్బుగా చెల్లేది. లక్లేడ్‌కు మాత్రం కలిసిరాలేదు. 1778లో, న్యూ ఆర్లీన్స్ నుంచి తిరిగి వస్తూ, అప్పులతోనే పడవలో కన్నుమూశాడు. ఆర్కాన్సాస్ నది కలిసే చోటికి దగ్గర్లో పాతిపెట్టారు. సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. షూటో కుటుంబం వాళ్ళు తోళ్ళ వ్యాపారంలో మహా సంపన్నులయ్యారు. 1803లో ఆ ప్రాంతాన్ని అమెరికా కొనుక్కుంది. తోళ్ళు తెచ్చి ఆ సంపదకు మూలమైన ఒసేజ్‌లు 1808, 1825 ఒప్పందాల్లో మిస్సోరీలోని తమ నేలంతా పోగొట్టుకున్నారు.

లక్లేడ్ దూరదృష్టినీ, ఆ కుర్రాడి ధైర్యాన్నీ కాదనలేం. కానీ నగరాన్ని ఆ ఇద్దరే కట్టారని చెప్పడం సగం చరిత్రే. తొలి మట్టి మోసిన ఆడవాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్ళ తెగ పేరు రాష్ట్రానికి మిగిలింది. వాళ్ళ వారసులు మాత్రం నేడు ఓటో-మిస్సోరియా తెగగా ఓక్లహోమాలో ఉన్నారు. సెయింట్ లూయిస్ పుట్టుక చెప్పుకునే ప్రతిసారీ లక్లేడ్, షూటోల పక్కన వాళ్ళనూ చెప్పుకోవాలి. అది దయ కాదు, తీరని కూలి బాకీ.